కాలిన జెండా, కాలని కాగితాలు

ఇంగ్లండులో బెడ్‌ఫర్డ్ పట్టణానికి ఆనుకొని కార్డింగ్టన్ అనే చిన్న గ్రామం ఉంది. ఆ ఊరి సెయింట్ మేరీ చర్చిలో మంటల సెగ తగిలిన ఒక జెండాను భద్రపరిచారు. అది బ్రిటిష్ వైమానిక దళానిది. 1930 అక్టోబరు 5 తెల్లవారుజామున ఫ్రాన్సులోని బోవే పట్టణం దగ్గర నేలకూలి తగలబడిన ఆర్-101 గగననౌకపై ఎగిరిన జెండా అది. చర్చికి ఎదురుగా ఉన్న శ్మశానంలో ఆ ప్రమాద మృతుల ఉమ్మడి సమాధి ఉంది. మరణించినవారు 48 మంది. ఆ నౌక బయలుదేరింది కరాచీకి, అంటే నాటి భారతదేశానికి. అయినా మన చరిత్ర పుస్తకాలలో దానికి చోటు దక్కలేదు.

దుర్ఘటనల జ్ఞాపక చిహ్నాలలో ఒక విచిత్రమైన లక్షణం ఉంటుంది. ఎంతమంది, ఎక్కడ, ఎప్పుడు చనిపోయారో అవి గుర్తు చేస్తాయి. ఎవరి నిర్ణయం వల్ల చనిపోయారో మాత్రం చెప్పవు. కాలిన జెండా ముందు ఎవరైనా తల వంచవలసిందే. కానీ ప్రశ్న వేయాలంటే జెండా చాలదు, కాగితాలు కావాలి. ఆర్-101 విషయంలో ఆ కాగితాలు కూడా మిగిలాయి. ఈ వ్యాసం ఉద్దేశం వాటిని గుర్తు చేయడమే. ఆ కాగితాలలో కనిపించే పాలనా తీరు తొంభై ఐదేళ్ల తర్వాత కూడా మనకు పరాయిది కాదు.

గగననౌకల పథకానికి 1924లో అంకురార్పణ జరిగింది. అప్పుడు రామ్సే మెక్‌డొనాల్డ్ నాయకత్వంలో బ్రిటన్ మొదటి లేబర్ ప్రభుత్వం నడుస్తోంది. స్టీమరులో లండన్ నుంచి బొంబాయి చేరడానికి రెండు మూడు వారాలు పట్టే రోజులవి. హైడ్రోజన్ నింపిన భారీ గగననౌకలతో కెనడా, ఈజిప్టు, భారత్, ఆస్ట్రేలియాలను కొద్ది రోజుల ప్రయాణ దూరంలోకి తేవాలని ప్రభుత్వం తలపెట్టింది. రెండు నౌకలు కట్టాలని నిర్ణయించింది. ఆర్-100ను విక్కర్స్ అనుబంధ సంస్థకు అప్పగించింది. ఆర్-101ను కార్డింగ్టన్‌లోని ప్రభుత్వ కర్మాగారంలో తానే నిర్మించింది. పెట్టుబడిదారీ నౌక, సోషలిస్టు నౌక అని జనం వాటికి పేర్లు పెట్టారు. యంత్ర నిర్మాణం ఆ విధంగా రాజకీయ పందెంగా మారింది. పందెంలోకి దిగినవాడికి వెనక్కి తగ్గే వీలుండదు.

ఈ పథకానికి ప్రాణం పోసిన వైమానిక మంత్రి క్రిస్టఫర్ బర్డ్‌వుడ్ థాంసన్ పుట్టింది మన నాసిక్‌లో, 1875లో. ఆయనది సైనిక కుటుంబం. 1924లో ప్రభువుల సభలో స్థానం లభించినప్పుడు ఆయన తన బిరుదులో చేర్చుకున్న పేరు ఇంకేదో కాదు, గగననౌక రూపుదిద్దుకోవలసిన ఆ కార్డింగ్టనే. భారతదేశానికి తదుపరి వైస్రాయి ఆయనేనన్న ఊహాగానం లండన్‌లో బలంగా వినిపించేది. అంటే కరాచీ ప్రయాణం ఆయనకు ఒక యంత్రానికి పెట్టిన పరీక్ష మాత్రమే కాదు. కాబోయే వైస్రాయి ఆకాశం నుంచి దిగివచ్చే ఘట్టం కూడా.

ఆ ఏడు భారతదేశం ఎలా ఉందో గుర్తు చేసుకుంటే ఆ ఘట్టం అవసరం ఎంతటిదో అర్థమవుతుంది. 1930 ఏప్రిల్‌లో, అప్పటి సూరత్ జిల్లాలోని దండి తీరంలో గాంధీజీ ఉప్పు చట్టాన్ని ధిక్కరించారు. మే 5న ఆయనను అరెస్టు చేసి యెరవాడ జైలుకు పంపారు. అదే నెలలో, ఆ పొరుగునే ఉన్న ధరాసనలో సరోజినీ నాయుడు నాయకత్వాన సత్యాగ్రహులు లాఠీ దెబ్బలకు ఎదురు నడిచారు. నవంబరులో లండన్‌లో మొదటి రౌండ్ టేబుల్ సమావేశం జరగవలసి ఉంది. నేల మీద పట్టు సడలుతున్న ప్రభుత్వానికి ఆకాశంలో ఒక అద్భుతం చూపించుకోవలసిన అగత్యం ఏర్పడింది. అధికారం తన ప్రతిష్ఠ మీద అనుమానం కలిగినప్పుడు భారీ వస్తువులను ఆశ్రయించడం చరిత్రలో తరచుగా కనిపించేదే.

నౌక మాత్రం సిద్ధంగా లేదు. ఉష్ణదేశాల వేడిలో పెట్రోలు ప్రమాదకరమని భావించి డీజిల్ ఇంజన్లు బిగించారు. అవి మోయరాని బరువయ్యాయి. 1929 అక్టోబరులో తొలిసారి ఎగిరినప్పటికే నౌక తన అంచనా బరువును మించిపోయింది. అది మోయగలిగిన అదనపు బరువు భారత ప్రయాణానికి చాలదని తేలింది. దాంతో 1930 వేసవిలో నౌకను మధ్యకు కోసి ఒక కొత్త భాగాన్ని అతికించారు. పొడవు 731 అడుగుల నుంచి 777 అడుగులకు పెరిగింది. హైడ్రోజన్ సంచులను పశువుల పేగుల పొరలతో తయారుచేసేవారు. అవి లోహపు చట్రానికి ఒరుసుకొని చిల్లులు పడుతున్నాయి. పైన కప్పిన బట్ట తొడుగు పెళుసెక్కి చిరుగుతోంది. ఆ జూన్‌లో స్తంభానికి కట్టి ఉంచిన నౌక మీద ఆ బట్ట వంద అడుగులకు పైగా చిరిగిపోయింది. చాలా భాగం కొత్త బట్ట వేశారు. ముక్కు దగ్గర మాత్రం పాత బట్టకే అతుకులు వేసి సరిపెట్టారు.

ఇక్కడి నుంచి కాగితాల కథ మొదలవుతుంది. మొదటిది మెక్‌వేడ్ అనే తనిఖీ అధికారి 1930 జులై 3న రాసిన ఉత్తరం. సంచులు చట్రానికి ఒరుసుకుంటున్న చోట్లు లెక్కలేనన్ని ఉన్నాయని, మెత్తలు కట్టడం పరిష్కారం కాదని, ఎగిరే అనుమతిని పొడిగించమని తాను సిఫారసు చేయలేనని ఆయన పై అధికారికి రాశాడు. ఆ పై అధికారి నౌకను నిర్మించినవారినే సలహా అడిగాడు. మెత్తలు కడితే సరిపోతుందని వారు చెప్పారు. ఉత్తరం మంత్రి బల్ల దాకా చేరలేదు. హెచ్చరించినవాడు ఉన్నాడు, హెచ్చరిక లిఖితపూర్వకంగానే ఉంది. దారిలో ఒక బల్ల మీద అది ఆగిపోయింది.

రెండో కాగితం ఆ జులైలోనే మంత్రి రాసిన టిప్పణి. భారత ప్రయాణ కార్యక్రమాన్ని ఖచ్చితంగా పాటించవలసిందేనని, తన ఏర్పాట్లన్నీ అందుకు అనుగుణంగా చేసుకున్నానని అందులో పట్టుబట్టాడు. లండన్‌లో సామ్రాజ్య ప్రధానుల సమావేశం అక్టోబరు 1న మొదలయ్యింది. కరాచీ వెళ్లి అక్టోబరు 20 నాటికి తిరిగివచ్చి, ఆ విజయాన్ని ఆ సభ ముందు ఉంచాలని ఆయన ఆశ. భద్రతను పణంగా పెట్టమని ఆయన ఎక్కడా రాయలేదు. మంత్రులు అలా రాయరు. తేదీ మాత్రం రాస్తారు. ఆ తేదీకి సరిపోయే భద్రతను కింది అధికారులే సమకూర్చుకుంటారు.

మూడో కాగితం అక్టోబరు 2న జారీ అయిన ఎగురుబాటు యోగ్యతా పత్రం. అంతకు ముందు రోజు కొత్త భాగం అతికించిన నౌక ఒకే ఒక్క పరీక్షా ప్రయాణం చేసింది. వాతావరణం ప్రశాంతంగా ఉంది. ఒక ఇంజన్‌లో చమురు చల్లార్చే పరికరం చెడిపోవడంతో పూర్తి వేగ పరీక్ష జరగనే లేదు. గాలివానలో ఎలా నిలుస్తుందో చూసే అవకాశం అసలే రాలేదు. స్వతంత్ర నిపుణుల పూర్తి నివేదిక చేతికి అందకముందే యోగ్యతా పత్రం సిద్ధమైంది. నివేదిక తర్వాత వస్తుంది, అనుమతి ముందు ఇచ్చేద్దాం అన్న ఈ పద్ధతి తెలియని ప్రభుత్వ కార్యాలయం ప్రపంచంలో ఉంటుందని నేను అనుకోను.

అక్టోబరు 4 సాయంత్రం 54 మందితో నౌక బయలుదేరింది. దారిలో ఈజిప్టులోని ఇస్మాయిలియాలో ఆగి, నౌకలోనే ప్రముఖులకు విందు ఇవ్వాలన్నది ఏర్పాటు. అందుకోసం నడవాలలో తివాచీ పరిచారు. మంత్రి సామానులో ఆయనకు ప్రియమైన పారశీక తివాచీ కూడా చేరింది. సిబ్బంది వెంట తెచ్చుకునే సామానుకు కఠినమైన పరిమితి విధించిన నౌక అది. బయలుదేరాక వాతావరణం విషమించింది. ఇంగ్లిష్ చానల్ దాటి ఫ్రాన్సు మీదికి వచ్చేసరికి ఈదురుగాలీ వానా ముసురుకున్నాయి. రాత్రి రెండు గంటలు దాటాక బోవే దగ్గర అలోన్ అనే ఊరి వెలుపల నౌక ముక్కు కిందికి వాలింది. నేలను తాకినప్పుడు వేగం ఎక్కువ లేదు. మంటే ప్రాణాలు తీసింది.

ఆరుగురు మాత్రమే బతికారు. మంత్రి థాంసన్, పౌర విమానయాన డైరెక్టర్ సెఫ్టన్ బ్రాంకర్, రూపకర్త రిచ్‌మండ్, కెప్టెన్ అర్విన్ అందరూ పోయారు. భారత ప్రభుత్వ ప్రతినిధిగా వెళ్తున్న ఓనీల్ అనే అధికారి కూడా మృతులలో ఉన్నాడు. అంటే ఈ ప్రమాదంలో భారత ప్రభుత్వానికి కూడా భాగం ఉంది. శవపేటికలను వెస్ట్‌మినిస్టర్ హాలులో ప్రజల దర్శనార్థం ఉంచారు. ప్రత్యేక రైలులో బెడ్‌ఫర్డ్ తీసుకువెళ్లి కార్డింగ్టన్‌లో ఖననం చేశారు. రాజ్యం తన మృతులకు ఘనంగా వీడ్కోలు పలికింది. అంత ఘనత మధ్య ఎవరు ఎందుకు తొందరపడ్డారన్న ప్రశ్న అడగడం అమర్యాదగా తోచే వాతావరణం ఏర్పడింది.

అయినా ప్రశ్న అడిగారు. విచారణ బాధ్యతను అప్పగించింది ఎవరికో కాదు, సర్ జాన్ సైమన్‌కు. 1928 ఫిబ్రవరిలో ఈయన కమిషన్ రాకను నిరసిస్తూ మద్రాసు వీధులలో జనం నల్లజెండాలు ఎత్తినప్పుడే టంగుటూరి ప్రకాశం పంతులు తుపాకుల ఎదుట ఛాతీ చూపింది. భారత రాజ్యాంగ సంస్కరణలపై ఆయన నివేదిక 1930 జూన్‌లో వెలువడింది. అక్టోబరు చివరికి ఆయన ఈ విచారణ పీఠం మీద ఉన్నాడు. భారతీయుడు ఒక్కడూ లేని కమిషన్‌తో భారత భవితవ్యాన్ని తేల్చబోయిన వ్యక్తి, భారతదేశానికి రాలేకపోయిన నౌక మరణ కారణాన్ని తేల్చడానికి కూర్చున్నాడు.

ఆ విచారణ పట్ల న్యాయంగా మాట్లాడాలి. అది బహిరంగంగా సాగింది. ఇద్దరు నిపుణులు సైమన్ పక్కన కూర్చున్నారు. బతికినవారు సాక్ష్యం చెప్పారు. మెక్‌వేడ్ ఉత్తరం వెలుగులోకి వచ్చింది. ప్రమాదం జరిగి ఆరు నెలలు తిరగకముందే, 1931 మార్చిలో, నివేదిక పూర్తయ్యింది. ముందు భాగంలో బట్ట చిరిగి, సంచుల నుంచి వాయువు పోయి, నౌక ముక్కు వాలిందన్నది దాని సాంకేతిక నిర్ధారణ. రాజకీయ నిర్ధారణ ఒకే వాక్యంలో ఉంది. ప్రజావిధాన కారణాలు గనక ఆ ప్రయాణాన్ని ఎంతో అభిలషణీయంగా మార్చి ఉండకపోతే, ఆ సాయంత్రం నౌక కదిలి ఉండేది కాదని దాని సారాంశం.

ఈ వాక్యాన్ని నిదానంగా చదవాలి. నిర్ణయం తీసుకున్న మనిషి అందులో లేడు. ప్రజావిధానం మాత్రమే ఉంది. కారణాలు తమంతట తామే నౌకను కదిలించినట్లు ఉంది. మరణించిన మంత్రిపై నింద మోపడం న్యాయవాదికి మర్యాద అనిపించకపోవచ్చు. కానీ నిజం అందులోనే దాగి ఉంది, వెతికేవారికి కనిపించేలా ఉంది. విమర్శను మృదువుగా చెప్పిన నివేదిక ఒక మేరకు పనిచేస్తుంది. బయటికే రాని నివేదిక దేనికీ పనికిరాదు.

ఏడేళ్ల తర్వాత మరో దేశం అదే పాఠం నేర్చుకుంది. 1937 మే 6న అమెరికాలోని లేక్‌హర్స్ట్‌లో జర్మనీ వారి హిండెన్‌బర్గ్ తగలబడింది. నేల మీద పనిచేస్తున్న ఒక కార్మికుడితో కలిపి 36 మంది మరణించారు. ఆ నౌక మోసిన 17 వేలకు పైగా ఉత్తరాలలో మిగిలినవి కొన్ని వందలే. అంచులు కాలిన అటువంటి ఉత్తరాలను వాషింగ్టన్‌లోని జాతీయ తపాలా మ్యూజియం 2012లో ప్రదర్శించింది. జర్మనీలో ఫ్రెడరిక్స్‌హాఫెన్ జెప్పెలిన్ మ్యూజియం ఆ నౌక ప్రయాణికుల గదులలో కొంత భాగాన్ని అసలు పరిమాణంలో తిరిగి నిర్మించి చూపిస్తోంది. సందర్శకులు ఆ గదులలో తిరుగుతారు. మండని హీలియం అమెరికా దగ్గర ఉన్నా దాని ఎగుమతిని అక్కడి చట్టం కట్టడి చేసిందన్న సంగతి, దానికి ప్రత్యామ్నాయంగా నాజీ రాజ్యం తన ప్రచార నౌకలో మండే హైడ్రోజనే నింపిందన్న సంగతి ఆ గదుల గోడలు చెప్పవు. వస్తువు మనసును కదిలిస్తుంది. కారణం తెలియాలంటే దాని పక్కన మరో కాగితం ఉండాలి.

మన ఉపఖండంలోనూ ఒక ఆనవాలు మిగలవలసింది. ఆర్-101 కోసం కరాచీలో లంగరు స్తంభం, 800 అడుగులకు పైబడిన పొడవుతో ఒక మహా షెడ్డు కట్టారు. ఒక్క గగననౌక కూడా దానిలోకి రాలేదు. దశాబ్దాల తర్వాత ఆ కట్టడాన్ని కూల్చివేశారు. కెనడా వెళ్లి క్షేమంగా తిరిగివచ్చిన ఆర్-100ను కూడా ప్రభుత్వం 1931లో ముక్కలు చేసి తుక్కు కింద అమ్మేసింది. ఓడిన పందెంతో పాటు గెలిచిన నౌక కూడా పోయింది.

ఇంతకూ ఆ నౌకను కూల్చింది బట్టలోని ఒక చిరుగు. బట్ట మాట వస్తే సూరత్‌ను తలచుకోకుండా ఉండలేం. ఆంగ్లేయుల కంపెనీ ఈ దేశంలో 17వ శతాబ్దపు తొలినాళ్లలో కోఠీ తెరిచింది అక్కడే. వెతుక్కుంటూ వచ్చింది ప్రధానంగా బట్టలనే. ఆ కంపెనీ అధికారులైన ఆక్సెండెన్ సోదరుల సమాధులు సూరత్‌లో నేటికీ గుమ్మటాలతో నిలిచి, రక్షిత కట్టడాలుగా ఉన్నాయి. ఆ బట్ట నేసినవారి సమాధులు ఎక్కడున్నాయని అడిగితే ఎవరూ చూపలేరు. ఏ మరణానికి రాతి గుర్తు దక్కుతుందో, ఏ మరణం లెక్కల పుస్తకంలో అంకెగా మిగులుతుందో తేల్చేది అధికారమే.

నేటి సూరత్ బట్టల వ్యాపారమంతా రింగ్ రోడ్డు మీద కనిపిస్తుంది. మజూరా గేటు, ఉధనా దర్వాజా, సహారా దర్వాజా అంటూ పాత కోట ద్వారాల పేర్లు మోస్తున్న కూడళ్ల మధ్య అంతస్తుల మీద అంతస్తులుగా మార్కెట్లు. మన పండుగలకు వచ్చే పాలియెస్టర్ చీరలలో ఎన్నో ఇక్కడినుంచే బయలుదేరుతాయి. ఈ నగరంలోని మరమగ్గాల మీద తరాలుగా పనిచేస్తున్నవారిలో తెలంగాణ జిల్లాల నుంచి వలస వెళ్లిన పద్మశాలి కుటుంబాలున్నాయి. అందువల్ల రింగ్ రోడ్డు మనకు దూరపు ఊరేమీ కాదు.

2025 ఫిబ్రవరి చివరి వారంలో ఆ రోడ్డులోని శివశక్తి టెక్స్‌టైల్ మార్కెట్‌లో మంటలు చెలరేగాయి. ఒకసారి అదుపులోకి వచ్చాయనుకున్నాక మర్నాడు మళ్లీ రేగి వందల దుకాణాలను దహించాయి. ఒక ప్రాణం పోయింది. అంతకు ఆరేళ్ల ముందు, 2019 మే 24న, అదే నగరంలోని సర్థానా ప్రాంతంలో తక్షశిల ఆర్కేడ్ పై అంతస్తులో నడుస్తున్న కోచింగ్ తరగతులలో మంటలు చుట్టుముట్టి 22 మంది విద్యార్థులు మరణించారు. పిల్లలు పై అంతస్తు నుంచి దూకుతున్న దృశ్యాలను దేశమంతా చూసింది. కొద్ది రోజులు ప్రతి రాష్ట్రంలో కోచింగ్ కేంద్రాల తనిఖీలు జరిగాయి. తర్వాత వార్త మారిపోయింది.

ఇటువంటి ఘటనల తర్వాత మన దేశంలో జరిగే క్రమం అందరికీ తెలిసిందే. ప్రధాని సంతాపం, ముఖ్యమంత్రి పరిహారం, కింది అధికారుల సస్పెన్షన్, విచారణకు ఆదేశం. పరిహారం అంకె గుర్తుంటుంది, విచారణ నివేదిక గుర్తుండదు. 1952 నాటి విచారణ కమిషన్ల చట్టం ప్రకారం, కమిషన్ నివేదిక అందిన ఆరు నెలలలోగా దానిపై తీసుకున్న చర్యల వివరణతో సహా చట్టసభ ముందు ఉంచాలి. సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్ ప్రకారం ప్రజలను ప్రభావితం చేసే నిర్ణయాల వివరాలను ఎవరూ అడగకముందే ప్రభుత్వ సంస్థలు ప్రకటించాలి. అంటే మనకు చట్టం కరువు కాలేదు. ఫలానా రోజుకు ఫలానా నివేదిక సభలో పెట్టలేదేమని అడిగే ప్రతిపక్షం, రాసే పత్రిక, గుర్తుపెట్టుకునే ఓటరు కరువయ్యారు.

జ్ఞాపకం పని చేయగలదని కూడా సూరతే చూపింది. 1994 సెప్టెంబరులో ప్లేగు భయంతో లక్షల మంది ఆ నగరం విడిచి పారిపోయారు. మరుసటి ఏడు మునిసిపల్ కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్. రావు ఆ భయాన్ని దినచర్యగా మార్చారు. అధికారులు పొద్దున్నే వీధులలోకి రావడం, చెత్త ఎత్తివేతకు వార్డుల వారీగా ఎవరో ఒకరు జవాబుదారీ కావడం నియమంగా మారింది. ఆ నగరం పేరు దేశంలో మారిపోయింది. ప్లేగుకు పెద్ద శిలాఫలకం లేకపోయినా అది నగరపాలక సంస్థకు గుర్తుండిపోయింది. పారిశుద్ధ్యంలో సాధ్యమైనది అగ్నిమాపక అనుమతులలో ఎందుకు సాధ్యం కాదు?

స్మారకాలు వద్దని ఈ మాటల అర్థం కాదు. తక్షశిల పిల్లలకు, దేశంలో తొక్కిసలాటలలో, వంతెనలు కూలి, ఫ్యాక్టరీలు పేలి పోయినవారికి స్మారకాలు కావలసిందే. వారి పేర్లు చదవగలిగేలా చెక్కాలి. దానితో పాటు మరో గది కూడా కావాలి. ఏ తేదీన ఎవరు హెచ్చరించారు, ఆ హెచ్చరిక ఏ బల్ల మీద ఆగింది, తనిఖీ జరగకుండానే ఏ సంతకం పడింది, ప్రారంభోత్సవ తేదీని ఎవరు నిర్ణయించారు అన్నవి అక్కడ ఉండాలి. ఒక ప్రజాస్వామ్యం తన మృతులకు ఇవ్వగల గౌరవం అది.

థాంసన్ విషయంలో ఒక మాట చెప్పకపోతే అన్యాయం. ఆయన తాను నమ్మిన నౌకలో తానే ఎక్కాడు, దానితోనే కాలిపోయాడు. గడువు విధించినవాడే గడువు ప్రమాదాన్ని కూడా పంచుకున్నాడు. ఈనాడు గడువులు విధించేవారు రిబ్బను కత్తిరించి వెళ్లిపోతారు. వంతెన మీద నడిచేవారు, నాలుగో అంతస్తులో చదువుకునేవారు, మార్కెట్టులో మూటలు మోసేవారు వేరు. అందుకే నేటి పాలకుల టిప్పణుల విషయంలో మనం 1930 నాటి కంటే మరింత పట్టుదలగా ఉండాలి. ప్రమాదంలో వాటా లేనివారి నిర్ణయానికి కనీసం కాగితం మీద జవాబుదారీ ఉండాలి.

కార్డింగ్టన్ జెండాను అక్కడివారు జాగ్రత్తగా కాపాడుకుంటున్నారు. మంచిదే. మనకు కావలసింది మాత్రం మెక్‌వేడ్ ఉత్తరం లాంటిది. రేపు ఒక ప్రమాదం జరిగితే చూపించడానికి కాదు, ఈరోజే తెరిచి చదవడానికి.